కత్తికి ముందు లెక్క: మోకాలి శిబిరం తీర్మానాన్ని మేమెందుకు ఎదిరిస్తున్నాము

ఇది పొడుగాటి రాత. ఓపికగా చదవండి. తిట్టదలచినవాళ్ళు తిట్టండి, కానీ సగం చదివి తిట్టవద్దు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం ఒక తీర్మానం పెడుతోంది. ఒక ప్రైవేటు ఆస్పత్రివాళ్ళు మన కల్యాణ మండపంలో ఒక ఆదివారం ‘ఉచిత మోకాలి శిబిరం’ పెడతారట. ఎక్స్‌రే ఉచితం, పరీక్ష ఉచితం. ఆపరేషన్ కావాలని వాళ్ళు తేల్చినవాళ్ళకు ప్యాకేజీలో రాయితీ ఇస్తారట. మన వైద్య సహాయ నిధి నుంచి తలకు 50,000 రూపాయలు నేరుగా ఆస్పత్రికి కట్టాలట. మేము తొమ్మిది మందిమి దీనికి ఒప్పుకోము. ఎందుకో చెబుతున్నాము.

ముందుగా ఒక మాట. మేము ఆపరేషన్లకు విరోధులం కాము. ‘వీళ్ళు నాటుమందుల గుంపు’ అని అప్పుడే ఒకాయన గ్రూపులో రాసినారు. అది తప్పు. కత్తి వల్ల మన ఇళ్ళలో వెలుగు వచ్చిన సంగతి మాకు తెలుసు. కంటి శుక్లం ఆపరేషన్‌నే చూడండి. డాక్టర్ వెంకటస్వామి గారు 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి మొదలుపెట్టినారు. 1992లో వాళ్ళే అరోల్యాబ్ పెట్టి, కంటిలో అమర్చే లెన్సును ఇక్కడే తయారుచేసి, విదేశీ లెన్సు ధర ముందు అది చాలా చవక అనిపించేటట్టు చేసినారు. ఖర్చు తక్కువ, పని కొద్ది నిమిషాలు, మరుసటి రోజుకు చూపు. అట్లాంటి ఆపరేషన్‌కు మన నిధి నుంచి దుడ్లు ఇవ్వడానికి ఎవరి సంతకమూ అడగనక్కరలేదు. తుంటి ఎముక విరిగిన ముసలివాళ్ళ సంగతీ అంతే. అక్కడ ఆలస్యమే ప్రమాదం. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి లేపి నడిపించకపోతే మంచం పట్టి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయేవాళ్ళు ఎక్కువ.

మోకాలి కీలు మార్పిడి కూడా మంచి ఆపరేషనే. మన సభ్యుల్లోనే ఒక పెద్దాయన, పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా ముప్పై ఏండ్లు పనిచేసినాయన, రెండేండ్లు ఇంటి గడప దాటలేక ఉండి, ఆపరేషన్ అయిన తరువాత ఇప్పుడు కూరగాయల మార్కెట్‌కు తానే పోయి వస్తున్నారు. ఆయనకు అది పునర్జన్మ. ఆపరేషన్ మంచిదా చెడ్డదా అనేది మా ప్రశ్న కాదు. ఎవరికి మంచిది, ఎప్పుడు మంచిది, ఎంత ఖర్చుకు మంచిది, దాన్ని తేల్చేది ఎవరు? ఈ తీర్మానంలో ఈ నాలుగింటికీ జవాబు లేదు. నాలుగవదానికి మాత్రం ఒక జవాబు ఉంది: అమ్మేవాడే తేలుస్తాడు.

మాలో రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్ళు ఉన్నారు. ఆఫీసుకు నాలుగు కుర్చీలు కొనాలన్నా ఎస్టిమేటు కావాలి, కొటేషన్లు కావాలి, ఆ కుర్చీలు ఎందుకో ఒక కాగితం కావాలి. కుర్చీలు అమ్మేవాడే లోపలికి వచ్చి ‘మీకు ఇరవై కుర్చీలు తక్కువ’ అని తేల్చి, బిల్లు కూడా తానే రాసుకుంటే ఆడిట్ వాళ్ళు ఊరుకుంటారా? కుర్చీకి ఉన్న జాగ్రత్త మన అక్కల, అమ్మల మోకాలికి వద్దా?

ఇప్పుడు లాభనష్టాల లెక్కకు వద్దాము.

2015లో డెన్మార్క్ డాక్టర్లు ఒక పరిశోధన ప్రకటించినారు. మోకాలి మార్పిడికి తగినవాళ్ళని డాక్టర్లే తేల్చిన 100 మందిని తీసుకొని, చీట్లు వేసినట్టు రెండు భాగాలు చేసినారు. అందరికీ 12 వారాలు వ్యాయామం, తిండి సలహా, నొప్పి మందులు, చెప్పుల్లో పెట్టుకొనే అట్టలు ఇచ్చినారు. సగం మందికి మాత్రం ముందుగా ఆపరేషన్ కూడా చేసినారు. ఏడాది తరువాత చూస్తే ఆపరేషన్ అయినవాళ్ళకు ఉపశమనం ఎక్కువ, 100 మార్కుల కొలతలో వాళ్ళకు 32 చిల్లర పెరిగితే రెండవవాళ్ళకు 16. కాబట్టి ఆపరేషన్ పనిచేస్తుంది, ఇందులో సందేహం లేదు.

కానీ అదే పరిశోధనలో ఇంకొక పుట ఉంది. దాన్ని శిబిరంలో ఎవరూ చదివి వినిపించరు. ఆపరేషన్ లేకుండా వ్యాయామంతో ఉన్నవాళ్ళకు కూడా నొప్పి బాగానే తగ్గింది. ఏడాది లోపల వాళ్ళలో సుమారు నాలుగింట ఒక భాగమే ఆపరేషన్‌కు పోయినారు, మిగతా మూడు భాగాల మంది ఆ ఏడాదికి అది లేకుండానే గడుపుకున్నారు. కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం, కీలు బిగుసుకుపోవడం, చీము పట్టడం వంటి తీవ్రమైన ఇబ్బందులు ఆపరేషన్ వైపు 24, రెండవ వైపు 6. లాభమూ ఎక్కువే, నష్టమూ ఎక్కువే. ఈ రెండు కాలమ్‌లూ చూపించిన తరువాత ఒక మనిషి ‘నాకు ఆపరేషనే కావాలి’ అంటే అది ఆమె నిర్ణయం. ఒక కాలమ్ దాచి చేయి పట్టుకొని సంతకం పెట్టిస్తే అది నిర్ణయం కాదు, వ్యాపారం.

వయసు లెక్క కూడా ఉంది. పెట్టిన కీలు కలకాలం ఉండదు. పెద్ద పెద్ద రిజిస్టర్లు చూసి 2019లో లెక్క కట్టినవాళ్ళు, పూర్తి మోకాలి మార్పిడుల్లో సుమారు 82 శాతం 25 ఏండ్లు నిలుస్తాయని తేల్చినారు. డెబ్బై ఏండ్ల మనిషికి ఇది చాలా మంచి వార్త. అయితే 2017లో బ్రిటన్ లెక్కలు చూసినవాళ్ళు ఏమన్నారంటే, 70 దాటి చేయించుకున్నవాళ్ళలో మళ్ళీ కీలు మార్చవలసి వచ్చేది సుమారు 5 శాతానికే. యాభైల మొదట్లో చేయించుకున్న మగవాళ్ళలో అది 35 శాతం దాకా పోతుంది. రెండవసారి ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం, ఖర్చు ఎక్కువ, ఫలితం తక్కువ. మన శిబిరానికి వచ్చేవాళ్ళు ఎవరు? అంగట్లో నిలబడి, మిల్లులో నిలబడి, ఇండ్లలో పాత్రలు తోమి, యాభై రెండుకూ యాభై అయిదుకూ మోకాళ్ళు అరిగినవాళ్ళు. వాళ్ళకు ‘రెండు కాళ్ళూ ఒకేసారి చేస్తే రాయితీ’ అని చెప్పడం న్యాయమా?

ఇంకొకటి. ఆపరేషన్ బాగా జరిగినా అందరూ సంతోషపడరు. పలు దేశాల్లో అడిగి చూస్తే ఐదుగురిలో సుమారుగా ఒకరు ‘అనుకున్నంత లేదు’ అంటున్నారు. మనవాళ్ళ బతుకు నేల మీద: నేల మీద కూర్చొని తినడం, పూజ, కింద కూర్చొని కూర తరగడం, పల్లెలో కక్కూసు. కొత్త కీలుతో గొంతుకూర్చోవడం, బాసిపట్టు వేయడం చాలామందికి వీలుపడదు, డాక్టర్లే వద్దంటారు. ఈ సంగతి ముందు చెప్పినారా, తరువాత చెప్పినారా అన్నదాంట్లోనే సగం సంతోషం ఉంది.

ఎక్స్‌రే గురించి ఒక మాట. అరవై దాటిన ఎవరి మోకాలికి ఎక్స్‌రే తీసినా అరుగుదల కనపడే అవకాశం చాలా ఉంది. ఎక్స్‌రేలో బాగా అరిగి కూడా హాయిగా నడిచేవాళ్ళు ఉన్నారు, ఎక్స్‌రేలో కొంచెమే కనపడి నొప్పితో ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. అందుకే మంచి డాక్టరు ఫిల్మును చూసి కాదు, మనిషిని నడిపించి, రాత్రి నిద్ర పడుతుందా, మెట్లు ఎక్కగలరా, ఏ మందులు వాడినారు, ఎంత కాలం వ్యాయామం చేసినారు అని అడిగి చెబుతారు. ఒక ఆదివారం మధ్యాహ్నం లోపల రెండు వందల మందిని చూసే శిబిరంలో ఈ ప్రశ్నలకు సమయం ఎక్కడిది?

మన సభ్యురాలు ఒకామె, యాభై నాలుగేండ్లు, పోయిన ఏడు ఇంకొక చోట ఇట్లాంటి శిబిరానికి పోయింది. ‘మూట్టు మాట్రు’ చేయకపోతే ఆరు నెలల్లో మంచం పడతావు అన్నారు, రెండు కాళ్ళకూ తేదీ ఇచ్చినారు. నగలు కుదువ పెట్టడానికి బయలుదేరింది. మాలో ఒకరు ఆపి, ప్రభుత్వ ఆస్పత్రి ఎముకల విభాగానికి పంపినారు. అక్కడి డాక్టరు తొడ కండరానికి వ్యాయామం నేర్పించి, బరువు తగ్గమని, మూడు నెలలు చూద్దామని అన్నారు. ఈ రోజుకూ ఆమె నడుస్తోంది, నగలు ఇంట్లోనే ఉన్నాయి. రేపు అరవై ఎనిమిదికి ఆపరేషన్ కావలసి రావచ్చు. అప్పుడు చేయించుకుంటుంది. పద్నాలుగేండ్లు సొంత కీలుతో నడవడం ఒక లాభం కాదా?

డాక్టర్లనే అనుమానిస్తారా అని అడుగుతున్నారు. వైద్యశాస్త్రమే తనను తాను అనుమానించి చూసుకున్న కథలు చెబుతాము. మోకాల్లోకి గొట్టం పెట్టి కడిగి, గీకి శుభ్రం చేసే ఆపరేషన్ ఒకప్పుడు అరుగుదలకు లక్షలాది మందికి చేసేవాళ్ళు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మందిని తీసుకొని, కొందరికి నిజంగా చేసినారు, కొందరికి చర్మం మీద కోత పెట్టి కుట్టేసినారు, అంతే. రెండేండ్లు చూసినా తేడా కనపడలేదు. ఉత్త కోత అయినవాళ్ళూ అంతే బాగున్నారు. గుండె స్టెంటు సంగతి కూడా ఇట్లాంటిదే, ఇక్కడ జాగ్రత్తగా చదవండి. గుండెపోటు వచ్చి పడినవాడికి స్టెంటు ప్రాణం నిలుపుతుంది, అప్పుడు ఒక్క నిమిషం ఆలోచించవద్దు. కానీ నిలకడగా ఉన్న జబ్బుకు, నడిచినప్పుడు మాత్రం వచ్చే నొప్పికి, ముందే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదని 2020లో 5,179 మందితో చేసిన పెద్ద పరిశోధన తేల్చింది. నొప్పి తగ్గుతుంది, అది లాభమే. ‘చేయకపోతే చచ్చిపోతావు’ అన్న మాట మాత్రం అక్కడ నిలవదు. భయం చూపి అమ్మడానికీ, లాభం చూపి చెప్పడానికీ మధ్య ఉన్న తేడా ఇదే.

దుడ్లు ఎటు ఉంటే కత్తి అటు తిరుగుతుందని మేము అంటే కోపం వస్తోంది. అయితే సర్కారు లెక్కే చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 14.3, ప్రైవేటులో 47.4. తమిళనాడులో మొత్తం 44.9, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. కష్టమైన కాన్పులు కొన్ని ప్రైవేటుకు పోతాయన్నా సరే, మూడింతల తేడా మన ఆడపిల్లల శరీరంలో ఉందా, బిల్లు పుస్తకంలో ఉందా? గర్భసంచి తీసివేత ఇంకా దారుణం. మహారాష్ట్ర బీడ్ జిల్లాలో చెరకు కొట్టే ఆడవాళ్ళకు చిన్న వయసులోనే గర్భసంచులు తీసేసిన సంగతి 2019లో దేశమంతా విన్నది. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అనుమానం మా తొమ్మిది మందికే కాదు, దేశంలో పెద్ద కోర్టుకు కూడా వచ్చింది.

ఇక ఎదుటివారి వాదనలకు వస్తాము.

‘ఇన్సూరెన్స్ కడుతుంది, మన దుడ్లు కాదు కదా’ అంటున్నారు. తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమాలో ఏడాదికి కుటుంబానికి 5 లక్షలు. కుటుంబానికి అన్నది గమనించండి. అత్తగారి మోకాళ్ళకు చిత్తిరై నెలలో చాలా భాగం ఖర్చు పెట్టేస్తే, అదే ఏడాది ఐప్పసిలో కొడుక్కి గుండెకో కిడ్నీకో వచ్చినప్పుడు మిగిలేది ఎంత? పైగా అదే బీమా కింద ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రుల్లోనే మోకాలి మార్పిడి చేస్తున్నారు. అక్కడ ఖర్చు లేకుండా అయ్యే పనికి మన నిధి నుంచి ప్రైవేటుకు 50,000 ఎందుకు?

‘రాయితీ ఇస్తున్నారు’ అంటున్నారు. దేని మీద రాయితీ? 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టింది. లక్షన్నర దాకా అమ్మిన మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి 54,720 రూపాయలు, పైన పన్ను అని. ఆ కట్టడి ఇంప్లాంటుకే. గది అద్దె, థియేటరు, సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, పరీక్షలు, ఇవన్నీ వాళ్ళ ఇష్టం. ‘ప్యాకేజీ’ అన్న ఒక్క మాటలో అన్నీ కట్టగట్టితే రాయితీ ఎక్కడ ఇచ్చినారో, ఎక్కడ తిరిగి తీసుకున్నారో తెలియదు. ప్యాకేజీలో రానివి ఇంకా ఉన్నాయి: రెండు మూడు నెలల ఫిజియోథెరపీ, ఇంట్లో ఒకరు పని మానుకొని చూసుకోవడం, ఆటో ఖర్చు, కక్కూసు మార్పించడం. ఇవన్నీ కలిపితేనే అసలు ధర.

‘మీకేం, రైల్వే ఆస్పత్రి ఉంది. పేదలకు వచ్చేదాన్ని అడ్డుకుంటున్నారు’ అంటున్నారు. నిజమే, మాలో రైల్వే పింఛనుదార్లకు పెరంబూరు ఆస్పత్రి ఉంది. అందుకే ఈ పోట్లాట మా కోసం కాదు. పేదవాళ్ళ పేరు చెబుతున్నారు కాబట్టి పేదవాళ్ళ లెక్కే చెబుతాము. కోశాధికారి గారు పోయిన సమావేశంలో చదివిన ప్రకారం నిధిలో ఉన్నది ఆరు లక్షల చిల్లర. మండపం అద్దె నుంచి, పెండ్లి చందాల నుంచి ఏండ్ల తరబడి కూడబెట్టినది. తలకు 50,000 అంటే పన్నెండు మందితో సరి. మూడు నెలలు ఆగితే మునిగిపోయేది లేని పన్నెండు ఆపరేషన్లకు అది కరిగిపోయిన తరువాత, ఒక రాత్రి ఒక ముసలామె బాత్‌రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంటే మనం ఏమి ఇస్తాము? సంతాప తీర్మానమా?

‘డాక్టరును ప్రశ్నించడం మర్యాద కాదు’ అంటున్నారు. 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రెండవ డాక్టరు సలహా తీసుకోవడం హక్కు, వివరమైన బిల్లు హక్కు, కేసు కాగితాలు హక్కు, అర్థమయ్యే మాటల్లో తెలుసుకోవడం హక్కు అని ఉంది. మనం తమిళ బడిలో చదివినవాళ్ళం, మన ముసలివాళ్ళు చాలామంది ఏ బడికీ పోనివాళ్ళు. ఇంగ్లీషులో నాలుగు పుటల అంగీకార పత్రం ముందు పెట్టి వేలిముద్ర తీసుకోవడం మర్యాదా? పరీక్షకు ఒప్పుకొని పడుకున్న ఒకామెకు, ఆమె మత్తులో ఉండగా తల్లి సంతకం తీసుకొని గర్భసంచి తీసేసిన కేసులో, ఆ సంతకం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. దేనికి ఒప్పుకున్నామో దానికే ఒప్పుకున్నట్టు. అడగడం తప్పు కాదు, అడగకపోవడమే తప్పు.

కాబట్టి తీర్మానాన్ని తోసిపుచ్చి ఊరుకోమని మేము అనడం లేదు. దాని స్థానంలో ఇవి పెట్టమంటున్నాము:

1. మోకాలి శిబిరం పెట్టండి, కానీ ఆపరేషన్ వల్ల లాభం లేనివాళ్ళతో పెట్టండి. ఒక ఫిజియోథెరపిస్టును, ప్రభుత్వ ఆస్పత్రి నుంచి రిటైరైన ఎముకల డాక్టరును పిలవండి. వాళ్ళకు గౌరవ పారితోషికం నిధి నుంచి ఇవ్వండి.

2. మొదటి మూడు నెలల వ్యాయామానికి నిధి సహాయం చేయాలి. ఒక మోకాలి ఆపరేషన్‌కు ఇచ్చే దుడ్లతో చాలామందికి ఇది జరుగుతుంది.

3. ఆగితే నష్టం లేని ఏ ఆపరేషన్‌కైనా, అది మోకాలైనా, గర్భసంచి అయినా, వెన్నెముక అయినా, ఆ ఆస్పత్రికి సంబంధం లేని రెండవ డాక్టరు కాగితం ఉంటేనే నిధి ఇవ్వాలి.

4. ఇంప్లాంటు పేరు, ధర, మొత్తం ఖర్చు రాసిన ఎస్టిమేటు ముందే కావాలి. ఇంప్లాంటు స్టిక్కరు కేసు కాగితంలో అంటించి ఇవ్వాలి.

5. తుంటి ఎముక, ప్రమాదం, గుండెపోటు, కాన్పులో ప్రాణాపాయం: వీటికి ఏ కాగితమూ అడగకుండా అదే రోజు ఇవ్వాలి. నిధిలో సగం వీటికే పక్కన పెట్టాలి.

6. సహాయం తీసుకున్నవాళ్ళను ఆరు నెలలకూ, ఏడాదికీ అడిగి ఎట్లా ఉన్నారో ఒక పుస్తకంలో రాయాలి, పేర్లు లేకుండా. పదేండ్లకు మనకంటూ ఒక లెక్క ఉంటుంది.

ఆపరేషన్‌కు ఒప్పుకొనే ముందు ప్రతి ఇంట్లో ఈ మూడు ప్రశ్నలు అడగండి. తమిళంలో అడిగినా, తెలుగులో అడిగినా సరే. చేయకపోతే ఏమవుతుంది? చేస్తే నాకు ఏ పని తిరిగి వస్తుంది, ఏ పని పోతుంది? ముందుగా ఇంకేదైనా చేసి చూడవచ్చా? మంచి డాక్టరు ఈ ప్రశ్నలకు కోప్పడడు, కుర్చీ జరుపుకొని చెబుతాడు. కోప్పడేవాడి దగ్గర నుంచి లేచి రావడానికి మోకాలి నొప్పి అడ్డం కాకూడదు.

సమావేశానికి తప్పక రండి. చేయి ఎత్తే ముందు, పక్కన కూర్చున్న ఆడవాళ్ళను ‘మీరు ఏమంటారు’ అని అడగండి. ఆ శిబిరంలో ఎక్కువగా వరుసలో నిలబడేది వాళ్ళే.